ఉదయం పూట మాత్రమే మొరాయించిన మెమరీ: 2009 నాటి ఒక ఇంటి కంప్యూటర్ మరమ్మతు

కాకినాడలో ఇంటి దగ్గరే డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు, పేజీలు కూర్చే) పని చేసుకునే ఒక ఆవిడ ఫిబ్రవరి రెండో వారంలో తన కంప్యూటర్‌ను ఆటోలో పెట్టుకొని నా సర్వీస్ షాపుకు తీసుకొచ్చారు. అది 2009లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మెమరీతో, మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్న మదర్‌బోర్డు, 2.5 గిగాహెర్ట్జ్ పెంటియమ్ డ్యూయల్ కోర్ ఈ5200 ప్రాసెసర్, ఒక్కొక్కటి 1 జీబీ చొప్పున రెండు డీడీఆర్2 800 ర్యామ్‌లు (మెమరీ పలకలు), 160 జీబీ హార్డ్ డిస్క్, అందులో విండోస్ ఎక్స్‌పీ. "స్విచ్ వేయగానే మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతోంది అన్నయ్యగారూ. నాలుగైదుసార్లు ఆపి వేస్తే ఎప్పటికో వస్తోంది. వచ్చినా ఒక్కోసారి నీలం తెర పడుతోంది" అని చెప్పారు. అప్పటికే మరోచోట ఒక ర్యామ్ మార్పించుకున్నారు. కొద్ది రోజులకే బీప్‌లు మళ్లీ మొదలు కావడంతో 4 జీబీ ర్యామ్ ఒకటి కొన్నారు. దాన్ని పెడితే అసలు తెరే వెలగలేదు.

ఇంత పాత యంత్రానికి ఇంత ఖర్చెందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడిగేవారు మన దగ్గర డీటీపీ పని ఎలా సాగిందో తెలియనివారే అయి ఉంటారు. ఆవిడ పన్నెండేళ్లుగా చేసిన శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల పేజీలు అన్నీ పేజ్‌మేకర్ 7 అనే పేజీ కూర్పు ప్రోగ్రాములో, అనూ అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) కావు. వాటిలో కొట్టిన అక్షరాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు గానీ, పేజీ కూర్పు చెదిరిపోతుంది, వత్తులు కొన్ని చోట్ల తప్పిపోతాయి, ప్రతి పేజీనీ మళ్లీ దిద్దుకోవలసి వస్తుంది. పాత కస్టమర్ వచ్చి "మా పెద్దమ్మాయి శుభలేఖ లాంటిదే చిన్నమ్మాయికీ కావాలి" అన్నప్పుడు ఆ ఫైలును ఉన్నదున్నట్టు తెరవగలిగేది ఆ యంత్రమే. కనుక దాన్ని బతికించడం ఆవిడకు బతుకుతెరువుతో ముడిపడిన విషయం. నేనూ ఆ దృష్టితోనే పనికి దిగాను.

మూడు బీప్‌ల సంగతి ముందుగా చెప్పాలి. ఆ బోర్డులో ఉన్నది ఏఎంఐ బయోస్. కరెంటు అందగానే ప్రాసెసర్ మొదట నడిపేది ఫ్లాష్ చిప్‌లో ఉన్న బయోస్ ప్రోగ్రామునే. అప్పటికి ర్యామ్ ఇంకా వాడకంలోకి రాదు. బయోస్ ముందుగా ప్రతి ర్యామ్ అంచున ఉండే ఎస్పీడీ అనే చిన్న చిప్‌ను చదివి, ఆ ర్యామ్ సామర్థ్యం ఎంత, వేగం ఎంత, ఏ టైమింగులతో నడపాలి అన్నవి తెలుసుకొని, ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌ను ఆ ప్రకారం సిద్ధం చేసి, మెమరీ మొదటి భాగంలో కొన్ని విలువలు రాసి తిరిగి చదువుతుంది. రాసింది, చదివింది ఒకటి కాకపోతే మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతుంది. తెర మీద సందేశం ఎందుకు రాదంటే, ఈ చిప్‌సెట్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోనే కొంత భాగం అరువు తీసుకుంటుంది. ర్యామ్ నిలబడనిదే బొమ్మ లేదు. కాబట్టి మూడు బీప్‌లు మనకు చెప్పే మాట "మెమరీలో రాసింది తిరిగి చదవలేకపోయాను" అన్నంత వరకే. తప్పు ర్యామ్‌లో ఉందా, దాన్ని గుచ్చే స్లాటులో ఉందా, కంట్రోలర్‌లో ఉందా, వాటికి అందే కరెంటులో ఉందా అన్నది ఆ బీప్‌లకు తెలియదు. ర్యామ్ మార్చేసి పంపించిన చోట ఈ తేడాను పట్టించుకోలేదు.

4 జీబీ ర్యామ్ సంగతి వెంటనే తేలిపోయింది. జీ31 చిప్‌సెట్ మొత్తం 4 జీబీ వరకే, అంటే రెండు స్లాట్లలో ఒక్కొక్కదానికి 2 జీబీ వరకే అందుకోగలదు. ఒకే పలకలో 4 జీబీ ఉన్న డీడీఆర్2 ర్యామ్ ఆ బోర్డులో పనిచేయదు. ఆ ర్యామ్‌లో లోపం లేదు, ఆ బోర్డుకు అమ్మడమే పొరపాటు. తిరిగి ఇచ్చేయమని చెప్పాను.

పరీక్షలకు ముందే చేసిన పని

మెమరీ మీద అనుమానం ఉన్న యంత్రంలో నేను విండోస్‌ను తెరవను, ఆ యంత్రం మీద బ్యాకప్ కూడా తీయను. ఈ నియమాన్ని తోటి టెక్నీషియన్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఫైలును కాపీ చేసేటప్పుడు ప్రతి బైటూ డిస్క్ నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి మళ్లీ డిస్క్‌లోకి వెళుతుంది. దారిలో ఒక బిట్ మారితే చెడిన కాపీయే మంచి కాపీగా చెలామణి అవుతుంది, విండోస్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, విండోస్ కుప్పకూలి నీలం తెర పడి మళ్లీ మొదలైనప్పుడల్లా ఎక్స్‌పీ తనంతట తానే డిస్క్ తనిఖీ మొదలుపెట్టవచ్చు. చెడు మెమరీతో నడిచే తనిఖీ, బాగున్న ఫైళ్ల పట్టికను కూడా "సరిచేసి" పాడుచేస్తుంది.

అందుకని హార్డ్ డిస్క్‌ను ఊడదీసి, షాపులోని మరో కంప్యూటర్‌కు తగిలించి, లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్క్‌ను ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, దించాను. డిస్క్‌లో చెడిన సెక్టార్లు లేవు. అయినా డిసెంబరు తర్వాత సేవ్ చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లలో రెండు తెరుచుకోలేదు, ఒకటి సగం వరకే తెరుచుకుంది. అంతకు ముందటివి అన్నీ బాగున్నాయి. లోపం ఎప్పుడు మొదలైందో ఆ ఫైళ్ల తేదీలే సాక్ష్యం చెప్పాయి. పోయిన మూడింటిలో రెండు శుభలేఖల ప్రింటు కాగితాలు ఆవిడ దగ్గర ఉన్నాయి కాబట్టి మళ్లీ కూర్చుకోగలిగారు. మూడోది దక్కలేదు.

ఆ తర్వాత ఆవిడను కూర్చోబెట్టి వివరంగా అడిగాను. బీప్‌లు ఏ పూట వస్తున్నాయి? పొద్దున మొదటిసారి వేసినప్పుడే. మధ్యాహ్నం ఆపి వేస్తే? ఇబ్బంది లేదు. ఎప్పటినుంచి? డిసెంబరు నుంచి. ర్యామ్ మార్పించాక ఎన్నాళ్లు బాగుంది? పది రోజులు. ఆ పది రోజుల గురించి ఇంకాస్త అడిగితే, మాఘమాసం ముహూర్తాల పని మీద పడి, రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తూ, సిస్టమ్‌ను అసలు ఆపనే లేదని చెప్పారు. పని తగ్గి, రాత్రి ఆపేసి, మర్నాడు పొద్దున వేసేసరికి మళ్లీ మూడు బీప్‌లు. అంటే కొత్త ర్యామ్ ఆ పది రోజులూ చల్లగా ఉన్న యంత్రాన్ని ఒక్కసారి కూడా లేపలేదు. ఈ ఒక్క జవాబు తర్వాతి వారం రోజుల నా పనికి దారి చూపవలసింది. దాన్ని కాగితం మీద రాసుకున్నాను గానీ, దాని బరువు ఎంతో అప్పటికి నాకు పూర్తిగా అందలేదు.

స్లాటు మీద పడిన అనుమానం

రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి, పొద్దున షాపు తెరవగానే ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాటులో పెట్టి చూశాను. పాత ర్యామ్ మొదటి స్లాటులో ఉన్నప్పుడు మూడు బీప్‌లు వచ్చాయి. అదే ర్యామ్‌ను రెండో స్లాటులోకి మార్చగానే లేచింది. మరోచోట మార్పించుకున్న కొత్త 1 జీబీ ర్యామ్ కూడా మొదటి స్లాటులో బీప్‌లే కొట్టింది, రెండో స్లాటులో రెండో ప్రయత్నానికి లేచింది. ఎవరు చూసినా మొదటి స్లాటు చెడిందనే అంటారు. పైగా మా ఊరు సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలికి, తేమకు కనెక్టర్లు మసకబారడం ఇక్కడ రోజూ చూసేదే. క్యాబినెట్‌లో దుమ్ము కూడా అట్టలు కట్టి ఉంది.

ర్యామ్ అంచున ఉన్న 240 బంగారు పూత పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచాను. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మనవాళ్లలో బాగా అలవాటు. అది పనిచేసినట్టే కనిపిస్తుంది కానీ, పలచని బంగారు పూతను అరగదీస్తుంది, రబ్బరు పొడి స్లాటులోకి చేరుతుంది. స్లాటును మెత్తని కుంచెతో, అదే ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరనిచ్చి, రెండు ర్యామ్‌లూ ఎక్కించాను. యంత్రం వెంటనే లేచింది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపితే రెండు పూర్తి పాస్‌లలో (చుట్లలో) ఒక్క తప్పూ రాలేదు. మర్నాడు పొద్దున కూడా ఒక్కసారికే లేచింది. ఆవిడకు ఫోన్ చేసి తీసుకెళ్లమని చెప్పవచ్చు అనిపించింది. కానీ "పొద్దున మొదటిసారే" అని నేను రాసుకున్న మాట కళ్ల ముందు ఉండగా ఒక్క ఉదయంతో తీర్పు చెప్పకూడదనిపించి ఇంకో రోజు ఆపాను.

మూడో రోజు పొద్దున మళ్లీ మూడు బీప్‌లు వచ్చాయి. ఈసారి రెండు స్లాట్లలోనూ వచ్చాయి.

చల్లని యంత్రం మీద మెమ్‌టెస్ట్

ఇక్కడ నా పద్ధతిలో ఉన్న లోటు తెలిసింది. మెమ్‌టెస్ట్‌ను అంతకుముందు నడిపినప్పుడు యంత్రం అప్పటికే అరగంటకు పైగా వెలుగుతూ ఉంది. చలిలోనే కనిపించే లోపాన్ని వేడెక్కిన యంత్రంలో వెతికాను. నాలుగో రోజు పొద్దున హార్డ్ డిస్క్ లేకుండా, ఒకే ర్యామ్‌తో, పెన్‌డ్రైవ్ ముందే తగిలించి ఉంచి స్విచ్ వేశాను. ఒకే ర్యామ్ ఎందుకంటే, రెండూ ఉంటే డ్యూయల్ చానల్‌లో (రెండు ర్యామ్‌లనూ జంటగా నడిపే పద్ధతిలో) అడ్రసులు, అంటే మెమరీలోని చోట్ల నంబర్లు, రెండింటి మధ్యా పంచుకుపోతాయి, తెర మీద కనిపించే అడ్రసును బట్టి ఏ ర్యామో చెప్పడం కుదరదు. రెండో ప్రయత్నానికి లేచి, నేరుగా మెమ్‌టెస్ట్‌లోకి వెళ్లింది. మొదటి నాలుగు నిమిషాల్లోనే తప్పులను చూపే ఎర్ర వరుసలు పడ్డాయి. పది నిమిషాలు దాటాక ఒక్క కొత్త తప్పూ లేదు. రెండో ర్యామ్‌తో మర్నాడు పొద్దున చేస్తే అచ్చం అదే తీరు.

ఆ ఎర్ర వరుసలను చదవడంలోనే అసలు విషయం ఉంది. డీడీఆర్2 ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక అతిచిన్న కెపాసిటర్‌లోని (విద్యుత్తును నిల్వ ఉంచే భాగంలోని) ఛార్జి రూపంలో ఉంటుంది. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ తిరిగి నింపుతూ ఉండాలి. బిట్‌ను దాచే ఒక కణం నిజంగా చెడితే ప్రతి పాస్‌లోనూ అదే అడ్రసు దగ్గర, అదే బిట్‌లో తప్పు పడుతుంది. ఒక మెమరీ చిప్ మొత్తం చెడితే అడ్రసులు మారినా తప్పు బిట్లు ఎప్పుడూ ఒకే ఎనిమిదింటి గుంపులో ఉంటాయి. ఇక్కడ అడ్రసులు 1 జీబీ అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి, తప్పు పడే బిట్ ప్రతిసారీ మారుతోంది, రెండు ర్యామ్‌లదీ ఒకే ప్రవర్తన. ఖాయం చేసుకోవడానికి రెండింటినీ అదే రకం చిప్‌సెట్ ఉన్న మరో బోర్డులో పెట్టి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి సాయంత్రం దాకా నడిపాను. ఒక్క తప్పూ లేదు. ర్యామ్‌లు రెండూ నిర్దోషులు. డబ్బు పెట్టి మార్పించిన మొదటి ర్యామ్ కూడా, దొరికి ఉంటే, నిర్దోషే అని తేలేదేమో.

ఇక మిగిలింది కరెంటు. గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ నిలిపే సీమాస్ బ్యాటరీ 2.6 వోల్టులకు పడిపోయి ఉంటే మార్చాను, దానికీ ఈ లోపానికీ సంబంధం లేదు. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) వోల్టేజీలు 12, 5, 3.3కు గాను 11.9, 5.04, 3.31 వచ్చాయి, అన్నీ ఐదు శాతం హద్దుల్లోనే ఉన్నాయి. అయినా బాగున్న వేరే ఎస్ఎంపీఎస్ తగిలించి ఒక ఉదయం చూశాను, బీప్‌లు అలాగే వచ్చాయి.

ర్యామ్‌కు అందే వోల్టేజీ ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు. స్లాట్ల పక్కన ఉండే ఒక చిన్న రెగ్యులేటర్ సర్క్యూట్ దాన్ని 1.8 వోల్టులకు దించి ఇస్తుంది. డీడీఆర్2కు 1.7 నుంచి 1.9 దాకా ఉండవచ్చు. స్విచ్ వేసిన క్షణాన కొలిస్తే మల్టీమీటర్ 1.74 చూపింది, అరగంట తర్వాత 1.81. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. మల్టీమీటర్‌ను మాత్రమే నమ్మేవారు ఇక్కడ ఆగిపోయి మదర్‌బోర్డు పోయిందని తేల్చేస్తారు. కానీ చల్లగా ఉన్నప్పుడు తక్కువ, వేడెక్కాక ఎక్కువ అన్న ఆ తేడా నన్ను వదల్లేదు. టీవీలు బాగుచేసే ఒక మిత్రుడి దగ్గర వోల్టేజీ ఊగిసలాటను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ ఉంది. యంత్రాన్ని రాత్రే అక్కడికి చేర్చి, పొద్దున అక్కడే స్విచ్ వేశాం. 1.8 వోల్టుల గీత మీద శిఖరం నుంచి లోయకు దాదాపు 180 మిల్లీవోల్టుల అలలు కనిపించాయి. అరగంటకు అవి 60కి తగ్గాయి. మల్టీమీటర్ చూపేది సగటు. సగటు 1.74 ఉన్నా అలల అడుగు 1.65 దాకా దిగుతోంది. పైగా ర్యామ్‌కు వచ్చే ప్రతి సంకేతం సున్నానా ఒకటా అన్నది 0.9 వోల్టుల రిఫరెన్స్‌తో పోల్చి నిర్ణయమవుతుంది. సరఫరాయే ఇంతలా ఊగుతుంటే ఆ నిర్ణయం ఏ బిట్‌లో ఎప్పుడు తప్పుతుందో చెప్పలేం. చెల్లాచెదురు అడ్రసులకు కారణం దొరికింది.

కెపాసిటర్లు

ఆ అలలను మింగవలసినవి రెగ్యులేటర్ తర్వాత ఉండే మూడు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, 1000 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టులవి. తల ఉబ్బితే కెపాసిటర్ పోయినట్టని అందరికీ తెలుసు. వీటి తలలు చదునుగానే ఉన్నాయి. అద్దం పెట్టి చూస్తే మాత్రం ఒకదాని అడుగున ఉండే రబ్బరు బిరడా కొద్దిగా బయటికి జరిగి, ఆ కెపాసిటర్ వెంట్రుకవాసి పక్కకు ఒరిగి ఉంది.

వీటి లోపల ఉండే ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతూ ఉంటుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్, పది డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు రెట్టింపు అవుతుందన్న లెక్క ప్రకారం, 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. రోజుకు పన్నెండు గంటలు నడిస్తే అది ఏడేళ్ల పైచిలుకు. ఈ యంత్రం ఆ గడువు ఎప్పుడో దాటింది. ద్రవం తగ్గినకొద్దీ లోపలి నిరోధకత పెరుగుతుంది. చల్లగా ఉంటే ఇంకా పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. పొద్దున లేవకపోవడం, నాలుగైదుసార్లు వేసి ఆపితే లేవడం, మధ్యాహ్నం బాగుండటం, డిసెంబరులోనే మొదలవడం, ఆపకుండా నడిచిన మాఘమాసంలో లోపం దాక్కోవడం, అన్నిటికీ ఇదే మూలం. మొదటి స్లాటు దోషిగా కనిపించడానికి కారణం, ఆ బోర్డులో అది ఈ కెపాసిటర్లకు రెండో స్లాటు కన్నా దూరంగా ఉండటమేనని నా అంచనా. శుభ్రం చేశాక ఒక ఉదయం లేచిందంటే, ఆ రాత్రి షాపులో ఉక్కగా ఉండటం, పిన్నులు బాగా అతుక్కోవడం రెండూ కలిసొచ్చి ఉండాలి.

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు రుజువు కావాలనుకున్నాను. ఒక ఉదయం హెయిర్ డ్రయ్యర్‌తో ర్యామ్‌లనూ స్లాట్లనూ మాత్రమే రెండు నిమిషాలు వెచ్చబెట్టి, కెపాసిటర్లకు అట్టముక్క అడ్డం పెట్టి స్విచ్ వేశాను. మూడు బీప్‌లు వచ్చాయి. మర్నాడు అట్టను ఇటు తిప్పి, కెపాసిటర్లను మాత్రమే వెచ్చబెట్టాను. ఒక్కసారికే లేచింది. ఇంకో ఉదయం ఆగి మళ్లీ చేసినా అదే ఫలితం. ఖర్చు లేని ఈ పరీక్ష నా దృష్టిలో ఆసిలోస్కోప్‌తో సమానం, అది అందుబాటులో లేనివారు దీన్ని తప్పక చేయాలి.

మార్చడం మామూలు పనే గానీ మదర్‌బోర్డు మీద ఓపిక కావాలి. లోపలి పొరల్లోని రాగి రేకు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి 25 వాట్ల ఐరన్‌తో గ్రౌండ్ కాలు కరగదు. 60 వాట్లది వాడి, పాత సోల్డర్ మీద కొత్త సోల్డర్ కొంచెం కలిపి, ఒక్కో కాలును మార్చిమార్చి వేడిచేస్తూ కెపాసిటర్‌ను మెల్లగా ఊపుతూ తీశాను. బలవంతంగా లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడి వస్తుంది, అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది. తీసే ముందే ఫోటో తీసుకున్నాను. కెపాసిటర్ మీది చార నెగటివ్ వైపని తెలిసినా, బోర్డు మీద నింపి ఉన్న అర్ధవృత్తం కొన్ని బోర్డుల్లో నెగటివ్‌ను, కొన్నింటిలో పాజిటివ్‌ను సూచిస్తుంది. కొత్తవి అదే విలువ, 105 డిగ్రీలు, తక్కువ నిరోధకత రకం తెప్పించాను. మామూలు కెపాసిటర్ చూడటానికి ఒకేలా ఉన్నా ఇక్కడ పనికిరాదు. మూడింటికీ కలిపి అరవై రూపాయలు అయింది.

ఆసిలోస్కోప్ మీద చల్లని యంత్రంలో అలలు 20 మిల్లీవోల్టులకు దిగాయి, మల్టీమీటర్ మొదటి క్షణం నుంచే 1.81 చూపింది. ఐదు ఉదయాలు వరుసగా, ప్లగ్ తీసి రాత్రంతా ఉంచి, రెండు ర్యామ్‌లతో పరీక్షించాను. ఐదుసార్లూ ఒకే బీప్‌తో లేచి, చలిలో మొదలైన మెమ్‌టెస్ట్ తప్పు లేకుండా ముగిసింది. ఆ తర్వాతే హార్డ్ డిస్క్ తగిలించి ఎక్స్‌పీని తెరిచాను. 2014 ఏప్రిల్ తర్వాత భద్రతా అప్‌డేట్లు లేని సిస్టమ్ అది కాబట్టి ఇంటర్నెట్ కేబుల్ పెట్టవద్దని, ఫైళ్లను వేరే కంప్యూటర్ ద్వారానే పంపమని ఆవిడకు చెప్పి, డిస్క్ ఇమేజ్ ఉన్న రెండో హార్డ్ డిస్క్‌ను విడిగా అప్పగించాను.

ప్రాసెసర్ చుట్టూ అదే వయసు కెపాసిటర్లు ఇంకో ఏడు ఉన్నాయి. వాటి దగ్గర అలలు ప్రస్తుతానికి హద్దుల్లోనే ఉన్నాయి. "వాటినీ ఇప్పుడే మార్చేద్దామా అన్నయ్యగారూ?" అని ఆవిడ అడిగారు. బాగున్న చోట ఐరన్ పెట్టడం కూడా ఒక ప్రమాదమే కనుక, వచ్చే డిసెంబరులో ఒకసారి తీసుకురమ్మని చెప్పి, ఆ రోజు కొలిచిన విలువలన్నీ ఒక చీటీ మీద తేదీతో రాసి క్యాబినెట్ లోపలి వైపు అతికించాను.